నాది కాని వృత్తి గురించి

(స్వర్ణోత్సవాల రెండో రోజు ‘మా వృత్తులు’ కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను విద్యుత్ శాఖ గురించి పావుగంట మాట్లాడమన్నారు. సబ్‌స్టేషన్ల గురించి మొదలుపెడితే నేను పావుగంటలో ఆపనని మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. అందుకని కాదు గానీ, కార్యదర్శి గారి అనుమతి తీసుకుని ఈరోజు నాది కాని వృత్తి ఒకదాని గురించి చెబుతాను. తాగుడుకు, మత్తుకు అలవాటుపడ్డవాళ్లతో కౌన్సెలర్లు చేసే పని. ఆ పని నేను చేయలేదు, చేయలేను. మా అన్న పక్కన కూర్చుని ఇరవై ఏళ్లకు పైగా చూస్తూ వచ్చాను. మా అన్న కూడా ఈ బడివాడే. పేరు చెప్పను, మీలో సగం మందికి తెలుసు. ‘నా సంగతి చెప్పుకోరా, ఫొటో మాత్రం వేయించొద్దు’ అని వాడు ఒప్పుకున్నాకే ఈ మైకు ముందుకొచ్చాను.

మన నెల్లూరు జిల్లా వాళ్లకు సారా గురించి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు, అక్షరాస్యత తరగతుల్లో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నవాళ్లు, సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో అది ఎత్తేశారు. ఆ ఆడవాళ్ల పోరాటం మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కానీ మా ఇంట్లో సంగతి వేరు. నిషేధం ఉన్న రోజుల్లోనూ అన్నకు మందు దొరికింది. మనకు తమిళనాడు సరిహద్దు ఎంత దూరం? దుకాణం మూసేస్తే కొత్తవాళ్లకు అలవాటు కాకుండా ఉండొచ్చు. అప్పటికే ఒంటికి పట్టినవాడి మాటేమిటనేది మా ఊళ్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అన్న రొయ్యల చెరువులు వేసినవాడు. 1994, 95లలో వైట్‌స్పాట్ వచ్చి మన తీరంలో చెరువులకు చెరువులు తెల్లారేసరికి చచ్చిన రొయ్యలతో నిండిపోయిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పుల బాధతో తాగాడని మా అమ్మ చెప్పుకునేది. అది సగం నిజం. చెరువులు పోకముందే రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ ఉండేది. ఇక్కడ ఇంజనీరు లెక్క ఒకటి చెప్పనివ్వండి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. అంటే 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాములు. దాన్ని ఒక యూనిట్ అంటారు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే ఆరు యూనిట్లు. ‘బీరే కదా’ అంటుంటారు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 650 మిల్లీలీటర్లకు నాలుగు యూనిట్లు. ‘ఒక్కటే’ అని మనం లెక్కపెట్టేది సీసాలను, శరీరం లెక్కపెట్టేది గ్రాములను.

2004 సంక్రాంతికి నేను సెలవు మీద ఇంటికొచ్చాను. అప్పటికి ఏఈని. ఇంట్లో కనుమ నాడు పెద్ద గొడవ జరిగింది. నేను, ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్న ఇద్దరు స్నేహితులు కలిసి అన్నను వెనక గదిలో పెట్టి బయట గడియ వేశాం. సీసాలన్నీ పగలగొట్టాం. ‘నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే పోతుంది’ అన్నాను. చాలా గర్వంగా అన్నాను. సాయంత్రానికి చేతులు వణకడం మొదలైంది, ఒళ్లంతా చెమట. రాత్రంతా నిద్ర లేదు. తలుపు తీయమని బతిమాలాడు. అమ్మ గడప దగ్గర కూర్చుని ఏడ్చింది, నేను తీయలేదు. రెండో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. మాకు తెలిసిన వైద్యం తాళాల గుత్తి చేతిలో పెట్టడం. అదే చేశాం. దొరికిన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడో రాత్రి అన్న మంచం మీద కూర్చుని దుప్పటి మీద లేని రొయ్యలు ఏరి, లేని బుట్టలో వేస్తున్నాడు. నన్ను చూసి ‘నీళ్లు వదులు, నీళ్లు వదులు’ అన్నాడు. నేనెవరో తెలియలేదు.

డాక్టరు గారు ‘ఎవరు మాన్పించారు ఇలాగ?’ అని అడిగారు. నేనేనన్నాను. ఆయన కోప్పడలేదు, అర్థమయ్యేలా చెప్పారు. నేను దాన్ని నా భాషలో పెట్టుకున్నాను. మద్యం ఏళ్ల తరబడి మెదడును అణచిపెడుతూ ఉంటుంది. ఆ బరువును తట్టుకోవడానికి మెదడు తన హుషారు పెంచుకుంటూ పోతుంది. ఒకరోజు ఆ బరువును ఒక్కసారిగా తీసేస్తే? జనరేటరు మీదనుంచి లోడంతా ఒక్క క్షణంలో పోతే ఏమవుతుందో మా వాళ్లకు తెలుసు. వేగం అదుపు తప్పుతుంది. అన్నకు అయింది అదే. వణుకు ఆరేడు గంటల్లో మొదలవుతుంది, ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి, మతి తప్పడం రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. దీంతో ప్రాణాలు పోతాయి. డాక్టరు పర్యవేక్షణలో మందులు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ దింపాలి. బి1 విటమిన్ ఇంజక్షన్ ఇవ్వాలి. అది ఇవ్వకుండా నీరసంగా ఉన్నాడని గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో ముందు చేసే పని సెలైన్ పెట్టడమే, అందుకే ఇది ఇంత వివరంగా చెబుతున్నాను. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు సరఫరా ఆగిపోయినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే. అందులో కలిపే అల్ప్రాజోలం, డయజెపామ్‌లకు అలవాటుపడ్డ జనం ఒక్కసారిగా అది దొరక్క నిజామాబాద్ నుంచి ఎర్రగడ్డ దాకా ఆసుపత్రుల్లో పెద్దసంఖ్యలో చేరారు.

అన్న బతికాడు. తర్వాత చెన్నైలో ఒక చికిత్సా కేంద్రంలో చేర్చాం. ఈ రంగంలో చెన్నైకి ఒక పేరుంది. భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో అక్కడ ఆసుపత్రి మొదలుపెట్టారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మేము వెళ్లింది వేరే చోటికి. అక్కడ కౌన్సెలర్ ఒకావిడ, తెలుగు బాగా వచ్చినావిడ, వయసులో నాకంటే చిన్నావిడే. నేను వెళ్లింది ఆవిడ మా అన్నకు గట్టిగా బుద్ధి చెబుతుందని.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: ‘తాగితే మీకు ఏం బాగుంటుందండీ?’

నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం డబ్బు పోసి వచ్చింది ఇది అడగడానికా? అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నిద్ర పడుతుంది. లెక్కలు గుర్తుకు రావు’ అన్నాడు. పదేళ్లలో వాడు మాతో చెప్పని మాట. నేను ఆగలేక, ‘పిల్లల మొహం చూసైనా మానొచ్చు కదన్నా’ అని మధ్యలో దూరాను. అన్న వెంటనే, ‘పిల్లలకేం తక్కువ చేశానురా?’ అని లేచాడు. ఆవిడ చాలా మర్యాదగా నాతో, ‘సార్, కింద టీ బాగుంటుంది, తాగి రండి’ అంది.

టీ తాగొచ్చాక విడిగా చెప్పింది. ‘మీరు మానడానికి కారణాలు చెబుతుంటే ఆయన తాగడానికి కారణాలు వెతుక్కుంటాడు. మానడానికి కారణాలు ఆయన నోటి నుంచి రావాలి. అప్పటిదాకా నేను అడగడం, వినడం, విన్నది సరిగ్గా తిరిగి చెప్పడం, అంతే చేస్తాను.’ ఇది ఆవిడ సొంత తెలివి అనుకున్నాను. కాదు, అదొక పద్ధతి. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు నార్వేలో కొన్నాళ్లుండి, అక్కడి యువ సైకాలజిస్టులు అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ తాను చేసేదేమిటో తేల్చుకుని 1983లో రాశాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం చేశాడు. నిలదీసి ఒప్పించే పాత పద్ధతిలో జనం మొండికేస్తారని, కౌన్సెలర్ వినే తీరును బట్టి ఫలితం మారుతుందని ఆయన చూసింది.

రెండోసారి కూర్చున్నప్పుడు ఆవిడ ‘మానాలని పదికి ఎంత ఉంది?’ అని అడిగింది. అన్న ‘నాలుగు’ అన్నాడు. నా దృష్టిలో నాలుగు అంటే ఫెయిలు. మన లెక్కల మాస్టారు చేతిలో నాలుగొస్తే ఏమయ్యేదో తెలిసినవాణ్ణి. ఆవిడ మాత్రం ముందుకు వంగి, ‘రెండని ఎందుకు అనలేదు? నాలుగెందుకు?’ అంది. అన్న తల వంచుకున్నాడు. ‘చిన్నది నా దగ్గరికి రావడం మానేసింది. నోరు వాసనని’ అన్నాడు. ఎందుకు తక్కువ అని అడిగి ఉంటే సాకులు వచ్చేవి. ఎందుకు అంతైనా ఉంది అని అడిగితే కూతురు వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ ప్రశ్నను నేను ఆఫీసులో కిందివాళ్ల మీద వాడుతున్నాను, పనిచేస్తుంది.

మా అందరితోనూ ఒక కాగితం నింపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 40. ఎనిమిది, ఆపైన వస్తే జాగ్రత్తపడాలి. ఇరవై, ఆపైన వస్తే వ్యసనమేమోనని నిపుణుడి చేత చూపించుకోవాలి. అన్నకు 31. నేను ఊరికే కాలక్షేపానికి నింపాను. తొమ్మిది వచ్చింది. నేను ‘తాగనివాణ్ణి’, పార్టీల్లో మాత్రమే అని నమ్మేవాణ్ణి. ఆవిడ నవ్వలేదు, కాగితం మడిచి నాకే ఇచ్చింది.

తర్వాత వంతు ఇంటివాళ్లది. ‘ఆయన తాగినప్పుడు మీరు మీరు ఏం చేస్తారో చెప్పండి’ అంది. అమ్మ దుకాణంలో బాకీలు రహస్యంగా కట్టేది. వదిన రొయ్యల కొనుగోలుదార్లకు ‘జ్వరంగా ఉన్నారు’ అని చెప్పేది. నేను పండక్కి వచ్చి అప్పు తీర్చి, దానికి బదులుగా గంటసేపు తిట్టి వెళ్లేవాణ్ణి. ముగ్గురం సాయమనే చేశాం. ఆ సాయం వాడికి కాక వాడి తాగుడుకు అందుతోందని మాకు మేమే తెలుసుకునేదాకా ఆవిడ తొందరపడలేదు. అప్పుడు వదిన బ్యాగులోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ‘తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు’ అని ప్రకటన చూసి తెప్పించిన పొడి. ఆవిడ దాన్ని అక్కడే తీసుకుని, కలపొద్దని ఖచ్చితంగా చెప్పింది. ఇలాంటి పొడుల్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు. డాక్టర్లు వాడే మందు ఒకటి నిజంగానే ఉంది, డైసల్ఫిరామ్ అంటారు. రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనం అది. అక్కడి పనివాళ్లకు మద్యం పడకపోవడం అంతకుముందే గమనించారు. 1940ల్లో కోపెన్‌హేగన్ పరిశోధకులు దాన్ని మందుగా మార్చారు. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే ఇవ్వాలి. రహస్యంగా పెట్టడమంటే విషం పెట్టడంతో సమానం. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లలో ఎవరింట్లోనైనా అలాంటి పొట్లం ఉంటే, దయచేసి పారేయండి.

అన్న పదకొండు నెలలు తాగలేదు. పన్నెండో నెలలో తాగాడు. వాడి బ్యాచ్ వాళ్లు కలుసుకున్న రాత్రి. ఎవరో ‘ఇన్నాళ్లకు కలిశాం, ఒక్కటే’ అన్నారు. ఎవరని అడగకండి. ప్రేమతోనే అన్నారు. నేను చెన్నైకి ఫోన్ చేసి ‘అంతా పోయిందమ్మా’ అన్నాను. ఆవిడ అన్నను పిలిపించి అడిగింది: ‘పదకొండు నెలలు ఎలా ఉండగలిగారు?’ ముందు దాని గురించే అరగంట. తర్వాత ఆ రోజును పొద్దున్నుంచి గంట గంటకూ విప్పింది. మా శాఖలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఏ నిమిషానికి ఏమయిందో వరసగా రాస్తాం. ‘సిగ్గులేని ట్రాన్స్‌ఫార్మర్’ అని ఏ రిపోర్టులోనూ రాయం. ఆవిడ చేసిందీ అదే. పొద్దున తొమ్మిదికి పొలం గట్టు విషయంలో తగాదా. మధ్యాహ్నం అన్నం తినలేదు. నాలుగింటికి ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం ఐదింటికి బండి మీద నలభై కిలోమీటర్ల ప్రయాణం. ఏడింటికి గ్లాసు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ కలిసిన రోజు జాగ్రత్త అని ఈ రంగంలో అందరూ చెప్పే మాటే, కానీ అన్న తన రోజులో అవి తానే గుర్తుపట్టాడు. మానినవాళ్లు మళ్లీ ఎందుకు జారతారని అలాన్ మార్లట్ అనే ఆయన ఏళ్ల తరబడి పరిశీలించి గోర్డన్‌తో కలిసి 1985లో పుస్తకం తెచ్చాడు. మనసు బాగోకపోవడం, మనుషులతో తగాదా, పక్కవాళ్ల బలవంతం, ఎక్కువమంది జారేది ఈ మూడింటి దగ్గరేనని ఆయన చూపించాడు. ఆ ఒక్క రోజులో మూడూ ఉన్నాయి.

ఆ తర్వాతా రెండుసార్లు జారాడు. 2009 నుంచి లేదు. ఎలా అని అడిగితే నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. వారం వారం ఫోన్లు, నెల్లూరులో ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల మీటింగులు, వదిన ఓపిక, కూతురి చదువు, కాస్త అదృష్టం. తాగాలనిపించినప్పుడు అరగంట వాయిదా వేయడం వాడికి పనికొచ్చింది. ఆ కోరిక అలలా లేచి సాధారణంగా అంతలోపే దిగుతుందట. వాడు ఆ అరగంట చెరువు గట్టు చుట్టూ నడుస్తాడు.

మా అన్న అదృష్టవంతుడని ఎందుకన్నానంటే, కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి, 2019లో వెలువడిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక రకమైన చికిత్సో సాయమో అందింది 38 మందిలో ఒక్కరికి. మిగతా 37 మందికి వెనక గదీ, గడియా. లేకపోతే బోర్డు పెట్టిన ప్రతి కేంద్రమూ. వాటి గురించి ఒక మాట. కొన్ని చోట్ల కొడతారు, గొలుసులు వేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వ్యసన రోగాలకూ వర్తిస్తుంది, గొలుసు వేయడం ఆ చట్టం ప్రకారం నిషేధం. చేర్చేముందు అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా? మానసిక వైద్యుడు వస్తారా, ఎన్ని రోజులకోసారి? రోగితో ఫోన్లో మాట్లాడనిస్తారా? ఇంటికి వచ్చాక ఎన్నాళ్లు చూస్తారు? చివరి ప్రశ్నకు తడబడితే ఇంకో చోటు చూసుకోండి. 14446 కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి నంబరు, 14416 టెలీమానస్. రెండూ ఉచితం.

గురువులకు ఒక విన్నపం. అదే సర్వేలో ఒక సంగతి నన్ను భయపెట్టింది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటు పెద్దవాళ్లకంటే పిల్లల్లోనే ఎక్కువ. మిగతా ఏ మత్తులోనూ అలా లేదు. పిల్లవాడి జేబులో అలాంటిది దొరికితే, గంజాయే దొరికినా, ప్రార్థనలో నిలబెట్టడం, టీసీ ఇచ్చి పంపడం మొదటి పని కాకూడదు. చట్టం కూడా కొంత దయగానే ఉంది. వ్యసనానికి లోనైనవాడు కొద్ది పరిమాణంతో పట్టుబడినా, తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్స పూర్తిచేసుకుంటే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్డీపీఎస్ చట్టంలో ఉంది. మేము చదివేటప్పుడు బీడీతో దొరికితే మా సోషల్ మాస్టారు ముందు స్టాఫ్ రూములో కూర్చోబెట్టి ‘ఇంట్లో ఏం జరుగుతోందిరా’ అని అడిగేవారు. తర్వాతే బెత్తం. ఆయన ముందు వదిలిన ప్రశ్న చాలు, బెత్తం తీసేయొచ్చు.

ఇక నా తోటి పాత విద్యార్థులకు. ఈ రోజు రాత్రి మనం బస చేసిన చోట మేడ మీద ‘చిన్న ఏర్పాటు’ ఉందని నాకూ మెసేజీ వచ్చింది. నేను ఎవరినీ తప్పుపట్టడానికి రాలేదు. నా తొమ్మిది మార్కులు మీకు చెప్పాను కదా. అడిగేది ఒక్కటే. ఈ స్వర్ణోత్సవాలకు మా అన్న రాలేదు. ఈ బడి కబడ్డీ జట్టుకు రెండేళ్లు కెప్టెన్ వాడు. జిల్లా కప్పు తెచ్చింది వాడి జట్టే, హెడ్మాస్టరు గారి గదిలో బీరువా మీద ఇప్పటికీ ఉంది. రమ్మంటే ‘పగలు బాగానే ఉంటుందిరా, రాత్రికి నేనెక్కడ కూర్చోవాలి?’ అన్నాడు. వాడిలాంటివాళ్లు మన జాబితాలో ఇంకెంతమంది ఉన్నారో, రాకపోవడానికి వాళ్లు ఏం కారణం చెప్పారో కార్యదర్శి గారికే తెలియాలి. వచ్చే ఏడాది నుంచి రాత్రి ఏర్పాటు లేకుండా ఒకసారి చేసి చూద్దాం. భోజనాలయ్యాక ఈ గ్రౌండులోనే చాపలు వేసుకుందాం. ఖర్చు కూడా తగ్గుతుందని కోశాధికారి గారు తల ఊపుతున్నారు.

రేపు పొద్దున ప్రార్థన గంటకు మాత్రం వచ్చి వెళతానన్నాడు. కబడ్డీ కోర్టు ఉన్న చోట ఇప్పుడు సైన్సు ల్యాబ్ కట్టారని చెబితే నమ్మలేదు, చూడాలట. గేటు దగ్గర కనిపిస్తే మామూలుగా పలకరించండి. ‘మానేశావటగా’ అనొద్దు. చెరువులు ఎలా ఉన్నాయని అడగండి. ఈసారి కౌంటు బాగా వచ్చింది, వాడే చెబుతాడు.